పావురం తాడు విప్పిన రోజులు

పోయిన నెలలో మా మనవరాలు గుర్రపుస్వారీ నేర్చుకుంటానని పట్టుబడితే, హనుమకొండ అవతల కొత్తగా వెలసిన ఒక స్వారీ బడికి దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మేము వెళ్ళేసరికి గేటు దగ్గరే ఒక జగడం నడుస్తోంది. అక్కడ తన గుర్రాన్ని ఉంచిన ఒక అమ్మాయి, రోజూ రెండు గంటలు మైదానంలోకి విడవమని చెప్పాను కదా, మూడు రోజులుగా ఎందుకు విడవలేదని మేనేజరును నిలదీస్తోంది. వాన పడి నేలంతా బురదగా ఉంది, జారిపడితే మళ్ళీ నన్నే అడుగుతారు కదా అని అతను సమాధానం చెబుతున్నాడు. ఇద్దరూ ఫోన్లు తీసి ఎవరు ఎప్పుడు ఏం రాశారో ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. మనవరాలు నా చెయ్యి పట్టి లాగుతున్నా నేను కదలలేదు. చొరవగా వాళ్ళ మధ్యకు దూరి, ఆగండి బిడ్డా, ఈ పోట్లాట నాకు తెలుసు, దీని మొదలూ చివరా రెండూ నాకు తెలుసు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు కానీ, ఇంటికి తిరిగివచ్చే దారి పొడవునా నా ఒళ్ళు నా వశంలో లేదు. ఎందుకంటే నలభై ఏళ్ళ కిందట ఆ మేనేజరు నిలబడ్డ చోట నేను నిలబడ్డాను. అవతలి పక్క ఒక ఆడపిల్ల నిలబడింది. ఆ పోట్లాటలో నేను ఓడిపోయాను. ఓడిపోయి అంత సంతోషపడిన సందర్భం నా బతుకులో ఇంకొకటి లేదు.

మాది జనగామ. స్టేషనుకు అవతలి వైపు, పట్టాలకు ఒక ఫర్లాంగు దూరంలో మా గుర్రాల కొట్టం ఉండేది. మా తాతా, మా నాయినా టాంగా తోలినవాళ్ళు. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, రైలు దిగి, ఇనుప పెట్టె టాంగాలో పెట్టించి, ఆడవాళ్ళను ముందుగా ఎక్కించి, తాము వెనుక కాళ్ళు వేలాడేసి కూర్చుని, వీధి మలుపు తిరిగేదాకా గుర్రం మెడలోని గజ్జెల చప్పుడు వింటూ ఇల్లు చేరినవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. ఆ చప్పుడు మా ఇంటి అన్నం. ఆటోలు వచ్చిన రెండేళ్ళలో స్టేషను ముందు టాంగాలు ఒక్కొక్కటే మాయమై, చివరికి నాయిన టాంగా ఒక్కటే మిగిలి, అదీ మూలన పడింది. దాన్ని లాగిన ముసలి గుర్రాన్ని మాత్రం నాయిన ఎవరికీ ఇవ్వలేదు. నేను అప్పటికి పెళ్ళయిన కుర్రవాణ్ణి. చేతకాని పని ఇంకేదీ నెత్తిన వేసుకోలేక, రెండు తెల్లగుర్రాలు కొని పెళ్ళి ఊరేగింపులకు తిప్పడం మొదలుపెట్టాను. తొర్రూరు, పెద్దవంగర అని పిలుపు వస్తే ముందురోజు తెల్లవారుజామునే గుర్రాన్ని నడిపించుకుంటూ బయలుదేరేవాణ్ణి. దాంతోపాటు, గుర్రం ఉండీ కట్టేసుకునే చోటు లేనివాళ్ళ గుర్రాలను మా కొట్టంలో ఉంచుకుని సాకడం కూడా ఒక పనిగా పెట్టుకున్నాను. పెద్దవంగర పటేలు ఒకాయన గుర్రం, మిఠాయి దుకాణం ఆయన పొట్టి గుర్రం అట్లా మా దగ్గరికి వచ్చినవే.

మా కొట్టానికి ఒక్కటే కట్టుబాటు. తాడు విప్పకూడదు. మెడకు పలుపు, వెనుక కాళ్ళకు తాళ్ళు, ముందర గడ్డి, సాయంత్రం నానబెట్టిన ఉలవలు. పొద్దున మాలీషు, సాయంత్రం పలుపు చేతపట్టి కొట్టం చుట్టూ రెండు చుట్లు నడిపించడం; అంతే. ఈ కట్టుబాటు నాయిన పెట్టింది. నాకు పదేళ్ళప్పుడు మా దగ్గర ఒక ఎర్రగుర్రం ఉండేది. ఒక మధ్యాహ్నం అది ముడి ఊడిపోయి, సంతోషంతో తోక పైకెత్తి, గంతులేస్తూ వెళ్ళి, పట్టాలెక్కింది. గూడ్సు బండి వచ్చింది. అంతకంటే ఎక్కువ నేను ఇప్పటికీ చెప్పలేను. నాయిన మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తరువాత ఆయన బతికున్నన్నాళ్ళూ రోజూ పొద్దుగూకే ముందు ప్రతి గుర్రం దగ్గరికీ వెళ్ళి, ప్రతి ముడినీ తన వేళ్ళతో తడిమి చూసేవాడు.

అట్లాంటి కొట్టానికి మహదేవపూర్ చెల్లె వచ్చింది.

చెల్లె అంటే తోడబుట్టిన చెల్లె కాదు. జనగామలో బడిపంతులు ఒకాయనకు భార్యగా వచ్చిన కొత్తకోడలు. గోదావరి ఒడ్డున మహదేవపూర్ దగ్గరి పల్లె ఆమె పుట్టిల్లు. ఆమె బాపు, రోడ్లు లేని రోజుల్లో, గుర్రాల మీద ఉప్పూ బట్టా వేసుకుని అడవిలోని గూడేలకు తిరిగి అమ్మినవాడు. అందరి ఆడపిల్లలతో బీరువా వస్తే ఈమెతో ఒక ఆడగుర్రం వచ్చింది, అదీ లారీలో. బూడిదరంగు మీద లేత నీలినీడలు, పావురం రెక్కల్లాగా మెరిసే ఒళ్ళు. దాని పేరూ పావురమే. మా దిక్కు పావురం అంటే ముద్దు, ప్రేమ అని కూడా కదా, ఆ రెండూ కలిసివచ్చేట్టు అది పిల్లగా ఉన్నప్పుడు ఆమే పెట్టిన పేరట. అత్తగారింట్లో చోటు లేక, పంతులు నన్ను వెతుక్కుంటూ వచ్చి మా కొట్టంలో పెట్టాడు. ఆయన గుర్రానికి పది అడుగుల దూరంలో నిలబడి మాట్లాడాడు గానీ, ఆమె లారీలోంచి దాని వెంటే దిగి, నేను అడగకముందే నీళ్ళ తొట్టి ఎక్కడుందో చూసి, గడ్డి వాసన చూసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"అన్నా, ఇది ఇసుకల పుట్టి ఇసుకల ఉరికింది. దీన్ని రోజూ ఒక్కపూటన్న విడవాలె. కట్టేస్తే ఉండది. విడుస్తవ్ గదా?"

"సరే తియ్యి చెల్లె, చూద్దాం," అన్నాను.

ఆ "చూద్దాం" దగ్గరే అంతా వచ్చిందని ఇప్పుడు అర్థమవుతోంది. ఆమె దాన్ని అవునని విన్నది. నేను దాన్ని కాదనే చెప్పాను. కొత్తగా వచ్చిన ఆడపిల్లతో మొదటి రోజే కాదనడం ఎందుకని, నాలుగు రోజులు పోతే తనే మరిచిపోతుందిలే అని నా లెక్క. ఆమె వెళ్ళాక పావురాన్ని మూడో గుంజకు కట్టి, వెనుక కాళ్ళకు తాళ్ళు బిగించాను.

వారం దాటింది. ఒకరోజు మధ్యాహ్నం కూరగాయల సంచితో ఆమె కొట్టంలోకి వచ్చింది. పావురం ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తలను ఊపుతూ ఊగుతోంది. ముందరి గడ్డి గాడి చెక్కను కొరికి కొరికి అంచంతా గరుకు చేసిపెట్టింది. అది ఆకలితో కొరుకుతోందని నేను అనుకున్నాను, అంతవరకే నా తెలివి. ఆమె సంచి కింద పెట్టింది.

"పొద్దుగాల విడిచినవా అన్నా?"

"ఆఁ, విడిచినం," అన్నాను.

ఆమె గుర్రం పక్కన వంగి, దాని ముందరి కాలు మడిచి పైకెత్తి, గిట్ట అడుగు భాగం నాకు చూపించింది. గట్టిపడిన పేడ తప్ప అందులో ఒక్క పచ్చి గడ్డిపరక లేదు, తాజా మట్టి లేదు.

"బయట తిరిగొచ్చిన కాలు గిట్లుంటదా అన్నా?"

అంత మెత్తగా అడిగింది. గట్టిగా అరిచినా బాగుండేది. మా నాయిన మంచం మీద కూర్చుని వింటున్నాడు, నా భార్య చేటలో ఉలవలు చెరుగుతూ చెయ్యి ఆపి చూస్తోంది. వాళ్ళిద్దరి ముందు నా అబద్ధం బయటపడింది. సిగ్గుపడ్డ మగవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. కోపం తెచ్చుకున్నాను. పట్టాల పక్కన ఉండే కొట్టం ఇది, ఇక్కడ మా పద్ధతి ఇంతే, నచ్చకపోతే గుర్రాన్ని తోలుకుపొమ్మన్నాను. ఎక్కడికి తోలుకుపోతుంది? పుట్టిల్లు అంత దూరాన ఉంది, అత్తగారింట్లో చోటు లేదు. అది తెలిసే అన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నేనే నచ్చను.

ఆమె తోలుకుపోలేదు, ఏడవనూ లేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి, కొంగు నడుముకు చెక్కి, పావురం పలుపు పట్టుకుని తనే నడిపించడం మొదలుపెట్టింది. మా కొట్టం నుంచి సివిలు దవాఖానా దాకా ముందు ఆమె, వెనుక గుర్రం. జనగామలో అది పెద్ద వింత. అరుగుల మీది ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు, అత్తగారు పంతులుతో గొడవపడిందని కూడా విన్నాం. మా ఇద్దరికీ మాటలు లేవు. లేవంటే లేకా పోలేదు, ఉలవలు తక్కువ పోస్తున్నానని ఆమె, గుర్రానికి అలుసిచ్చి పాడుచేస్తున్నదని నేను, ఒకరికొకరం వినబడేట్టు గుర్రంతో చెప్పేవాళ్ళం. నా భార్య మాత్రం ఎప్పుడో చెల్లె వైపు ఫిరాయించింది. నడిపించి రాగానే చాయ్ గ్లాసు ఆమె చేతికి ముందు, నా చేతికి తరువాత.

ఇట్లా ఒక నెల గడిచిందనుకుంటాను. ఒకసారి అత్తగారికి జ్వరం వచ్చి ఆమె నాలుగు రోజులు రాలేదు. నేను తాడు విప్పలేదు. పంతానికి చుట్టూ నడిపించడం కూడా తగ్గించాను. ఐదో రోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా కొట్టంలో ధబ్బున చప్పుడైంది. వెళ్ళి చూస్తే పావురం కింద పడి ఉంది. లేస్తోంది, మళ్ళీ పడుతోంది, తల తిప్పి తన పక్కలు తానే చూసుకుంటోంది, వెనుక కాలితో పొట్టను తన్నుకుంటోంది. ఒళ్ళంతా చెమట. గుర్రానికి కడుపునొప్పి వస్తే ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు, అది గంటల్లో ప్రాణం తీయగల నొప్పి. నేను పశువుల డాక్టరు కోసం సైకిలెక్కాను, నా భార్య చెప్పులు కూడా వేసుకోకుండా పంతులు ఇంటికి ఉరికింది.

డాక్టరు వచ్చి సూది వేసి, గొట్టంతో మందు పోసి, పొట్టకు చెవి ఆనించి విన్నాడు. లోపల చప్పుడే లేదన్నాడు. తిన్నది తిన్నట్టే నిలిచిపోయింది, కట్టేసిన జీవానికి కడుపు కూడా కట్టేసుకుంటుంది, ఇక పడుకోనివ్వకుండా నడిపించడమే మీ చేతుల్లో ఉన్న పని అన్నాడు. అప్పటికే చెల్లె వచ్చింది. నా వైపు చూడనైనా చూడలేదు. పలుపు పట్టుకుంది. ఆమె అలసిపోతే నేను, నేను అలసిపోతే ఆమె, ఆ ఎండలో ఎన్ని చుట్లు తిరిగామో తెలియదు. పావురం మోకాళ్ళు మడుచుకుని కూలబడబోయినప్పుడల్లా ఆమె దాని చెవిలో ఏదో చెప్పేది, నేను వెనుక నుంచి భుజంతో నెట్టి నిలబెట్టేవాణ్ణి. మాటలు లేని మేమిద్దరం ఆ మధ్యాహ్నమంతా ఒకే తాడు పట్టుకుని తిరిగాం.

నీడలు సాగే వేళకు, నడుస్తూ నడుస్తూ పావురం ఆగింది. తోక కాస్త ఎత్తింది. లద్ది వేసింది.

నవ్వుతారేమో, నవ్వండి. లద్ది చూసి నేను ఎగిరి గంతేశాను. నా భార్య చప్పట్లు కొట్టింది, డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, గోడమీద కూర్చుని చూస్తున్న వాడకట్టు జనమంతా ఈలలు వేశారు. చెల్లె మాత్రం పావురం మెడ మీద తల ఆనించి, అంతసేపు పట్టుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుపు అయ్యాక ఇక నాకు తిట్లే అనుకుని, తలవంచుకుని తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఆమె వచ్చి ఇంకో చివర కూర్చుంది.

"అన్నా, నీకు గుర్రమంటే పానం. ఇయ్యాల కండ్ల సూసిన. మరి ఎందుకు విడువనంటవో చెప్పు. నీ పద్ధతి కాదు, ఎందుకో చెప్పు."

అంతవరకు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. ఎర్రగుర్రం సంగతి చెప్పాను. తోక ఎత్తి గంతులేస్తూ అది ఎంత అందంగా వెళ్ళిందో అది కూడా చెప్పాను. ఆమె పట్టాల వైపు చూసింది.

"ఇన్ని దినాలు నిన్ను మొండోడు అనుకున్న అన్నా. భయపడుతున్నవని తెల్వదు. మొదలే చెప్తే ఇంత పరేషాన్ ఉంటుండెనా?"

"నువ్వు వినవనుకున్న చెల్లె."

"సరే, ఇప్పుడు చెప్పు. ఏముంటే నీకు భయం పోతది? అది చెయ్యనీకె చూద్దాం."

ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఆ రోజు నాకు తెలియలేదు. అప్పటిదాకా విడవాలని ఆమె, వద్దని నేను, రెండే మాటల మధ్య కొట్టుకుంటున్నాం. ఏముంటే అని అడగ్గానే నా నోట్లోంచి సంగతులు వాటంతటవే రాలిపడ్డాయి. పట్టాల వైపు గుర్రం దాటలేనంత గోడ కావాలి. గుర్రాలన్నీ ఒక్కసారిగా కాకుండా ముందు ఒక్కటే, అలవాటయ్యాక రెండోది. తన్నుకుంటే దెబ్బలు తగలకుండా వెనుక కాళ్ళ ఇనుప లాడాలు తీసేయాలి. నేను గానీ ఆమె గానీ ఎదుట లేకుండా విడవకూడదు. ఆమె కూడా తన మాటలు చెప్పింది. వీలున్నప్పుడు అంటే కుదరదు, రోజూ విడవాలి. చినుకు పడితే ఆపకూడదు, గోదావరి ఒడ్డు గుర్రం చక్కెరబొమ్మ కాదు. ఎప్పుడైనా విడవకపోతే విడవలేదనే చెప్పాలి. ఆ చివరి మాట దగ్గర నా కళ్ళలోకి చూసింది. నేను కళ్ళు దించుకుని ఒప్పుకున్నాను. వాన సంగతి మీద మాత్రం ఇంకో గంట వాదించుకున్నాం. చివరికి గుర్రాలు ఎక్కువగా తొక్కి బురద చేసేది గేటు దగ్గరే కాబట్టి అక్కడ మొరం పోయిద్దామని, ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం విడవద్దని తేల్చుకున్నాం.

చోటు నా భార్య చూపించింది. మా కొట్టం వెనుక మూతబడిన పల్లీనూనె మిల్లు ఒకటి ఉండేది. దాని ఆవరణ రెండెకరాల పైనే, మోకాలెత్తు గడ్డి, చుట్టూ రాతిగోడ. మిల్లు కాపలాదారు ఆమెకు మేనమామ వరుస. ఆయన మిల్లు యజమాని సేఠును అడిగి ఒప్పించాడు. చిక్కల్లా ఒక్కటే, పట్టాల వైపు గోడ బారెడు మేర కూలిపోయి ఉంది.

ఇంకో చిక్కు నాయిన. ఆయన మాట విననే వినలేదు. "నేను సచ్చినంక ఏమన్న చేసుకోండ్రి" అని మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆగిపోయాను. నాయిన కాదన్న పని నేను ఎన్నడూ చేయలేదు. కానీ చెల్లె, ముందు గోడ కడదాం, కట్టిన గోడ ఎవరికి చేటు, గుర్రాన్ని విడవడం మాట తరువాత అన్నది. ఆదివారం పంతులు బావ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రాళ్ళు మోశాడు. గుర్రం తలకాయ తన వైపు తిరిగితే రాయి వదిలేసి పరిగెత్తేవాడు. చెల్లె, నా భార్య మట్టి కలిపారు. పగలబడి నవ్వుకుంటూ, ఒకరి మీద ఒకరం అరుచుకుంటూ, రెండు ఆదివారాల్లో గోడ లేపాం. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు కూడా నేను అంత సంబరం చూడలేదు.

గోడ అయిపోయిన సాయంత్రం నాయిన లేచాడు. కర్ర పట్టుకుని ఆవరణలోకి వచ్చి, గోడ వెంబడి మొత్తం నడిచాడు. ముడులు తడిమే ఆ వేళ్ళతోనే రాళ్ళను తడుముతూ నడిచాడు. మేము నలుగురం పక్కకు జరిగి చూస్తున్నాం. కొత్త గోడ దగ్గర ఆగి, కర్రతో రెండుసార్లు కొట్టి చూశాడు.

"గీడ ఇంకో రెండు వరుసలు లేపుండ్రి," అన్నాడు.

అంతే అన్నాడు. చెల్లె నా భార్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ రెండు వరుసలూ మర్నాడే లేపాం. గురువారం పొద్దున, ఎండ ఇంకా ఎక్కకముందు, పావురాన్ని మిల్లు ఆవరణలోకి తీసుకుపోయాం. ఆకలి మీద పచ్చిగడ్డి మీద పడకుండా ముందే ఎండుగడ్డి వేశాం. గేటు మూశాను. చెల్లె పలుపు నా చేతికిచ్చింది, నువ్వే విప్పాలె అన్నా అన్నది. ముడి విప్పాను.

పావురం కదలలేదు. తాడు లేదని దానికి తెలియలేదు. ఒక అడుగు వేసి ఆగింది, లాగేవాళ్ళు ఎవరూ లేరని చూసుకుంది. ఇంకో అడుగు. ముక్కు నేలకు ఆనించి గట్టిగా ఊదింది. మోకాళ్ళు మడిచి కింద పడుకుంటే మళ్ళీ కడుపునొప్పే అనుకున్నాను గానీ, అది నొప్పి కాదు, పొర్లింది. ఈ పక్కా ఆ పక్కా, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తి, పసిపిల్లలా పొర్లింది. లేచి దులుపుకుంది. అప్పుడు ఉరికింది! ఏం ఉరకడం అది! మెడ చాచి, తోక జెండాలా ఎత్తి, గడ్డిని చీల్చుకుంటూ, ఆ చివర గోడ దాకా పోయి, గోడ ముందు ఒక్క గింగిరం తిరిగి, మట్టి చిమ్ముకుంటూ మళ్ళీ మా వైపు. దాని డెక్కల చప్పుడు నేలలోంచి నా అరికాళ్ళకు తెలిసింది. గుర్రాల మధ్యే పుట్టి గుర్రాల మధ్యే పెరిగినవాణ్ణి, నాకు అప్పటిదాకా గుర్రం ఉరకడమంటే బండి ముందు ఉరకడమే. తన కోసం తాను ఉరికే గుర్రాన్ని ఆ ఎర్రగుర్రం తరువాత మళ్ళీ అప్పుడే చూశాను.

అప్పుడు గూడ్సు కూత వేసింది.

నాయిన నా మోచెయ్యి పట్టుకున్నాడు, గోళ్ళు దిగేటంత గట్టిగా. పావురం చెవులు నిక్కబొడుచుకుని పట్టాల వైపే ఉరికింది. కొత్త గోడ వైపే. చెల్లె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడ దాకా పోయి, ఆగి, గోడ మీది నుంచి తల చాచి, పోతున్న డబ్బాలను చివరిదాకా చూసింది. పోయాక తల దించుకుని గడ్డి మేయడం మొదలుపెట్టింది.

నాయిన నా చెయ్యి వదిలాడు. వెనక్కి తిరిగి కొట్టంలోకి పోయాడు. గుండె చెదిరిందేమో, మంచం ఎక్కుతాడేమో అని నేను వెంట పోబోతే నా భార్య ఆపింది. కాసేపటికి ఆయన తిరిగివచ్చాడు. వెంట టాంగా లాగిన ముసలి గుర్రం ఉంది. గేటు తీయమని సైగ చేసి, లోపలికి తెచ్చి, తన చేతులతో తానే దాని పలుపు విప్పి, ఆ పలుపును భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు ఒక్కటే విడవాలన్న మా ఒప్పందం మొదటి రోజే తప్పింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ముసలి గుర్రం ఉరకలేదు, ఉరికే వయసు కాదు. అట్లా నడుచుకుంటూ పోయి పావురం పక్కన మేసింది. నాయిన కళ్ళు తుడుచుకోవడం చూసి, చూడనట్టు నేను ఇటు తిరిగాను.

ఆ తరువాత కొట్టం గోడకు ఒక పలక వేలాడదీశాం. ఏ గుర్రాన్ని విడిచామో, ఎవరు కాపలా ఉన్నారో, విడవకపోతే ఎందుకు విడవలేదో సుద్దతో రాసేవాళ్ళం. ఉరుములకు ఆపిన రోజున "ఉరుములు" అని ఉండేది; లేవబుద్ధి కాని రోజున "బద్ధకం" అని నేను రాస్తే కిందనే చెల్లె "నిజమే" అని రాసేది. మట్టిలో పొర్లితే గుర్రం మురికి అవుతుందని పెద్దవంగర పటేలు మొదట్లో గొడవ చేస్తే, ఆయన్ను తీసుకొచ్చి గోడ మీద కూర్చోబెట్టి, ఆయన గుర్రాన్ని విడిచి చూపించాం. తెల్ల పంచె అని కూడా చూసుకోకుండా గోడ దిగి చప్పట్లు కొట్టాడు. ఊగే గుర్రాలు ఊగడం మానేశాయి. గాడి చెక్కలు కొరకడం తగ్గింది. పెళ్ళి ఊరేగింపుల్లో బాజాలకు బెదిరే నా తెల్లగుర్రం సుతం నిమ్మళమైంది.

రెండేళ్ళకు బావకు భూపాలపల్లి దిక్కు బదిలీ అయింది. పావురాన్ని లారీ ఎక్కించిన రోజున చెల్లె, వచ్చినప్పటిలాగే, దాని వెంటే ఎక్కింది. మళ్ళీ గోదావరి ఇసుకలోకి పోయిన పావురం అక్కడే రెండు పిల్లలను కని, అక్కడే ముసలిదై పోయిందని తరువాత జాబు రాసింది. నాయిన అప్పటికే లేడు. ఊరేగింపులకు గుర్రాలు ఇప్పుడు నగరం నుంచి వ్యానుల్లో వచ్చి, పని అయిపోగానే వ్యానుల్లోనే పోతున్నాయి. నా కొట్టం ఎప్పుడో మూతబడింది.

అయినా ఒక అలవాటు పోలేదు. జనగామ నుంచి తొర్రూరు బస్సులో పోతున్నప్పుడు నేను కిటికీ పక్కనే కూర్చుంటాను. ఎక్కడైనా నాలుగు ఎకరాల ఖాళీ జాగా కనబడితే చాలు, గోడ ఎంత ఎత్తుంది, గేటు దగ్గర బురద అవుతుందా, ఈ చివర నుంచి ఆ చివరకు ఉరకడానికి చాలుతుందా అని కళ్ళతో కొలుస్తాను. ఏటేటా అట్లాంటి జాగాలు తగ్గిపోతున్నాయి. హద్దురాళ్ళు పాతిన చోట, రంగుజెండాలు గుచ్చిన చోట, పునాదులు తీసిన చోట కళ్ళు తిప్పుకుంటాను. పోయినసారి పోయినప్పుడు ఒకే ఒక్కటి మిగిలింది. బస్సు దాన్ని దాటాక కూడా, కనబడినంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.